వ్యాన్‌లో పెద్ద ఇంజిన్ వేయించే ముందు: గేర్‌బాక్స్, క్లచ్, క్రౌన్ తట్టుకుంటాయో లేదో లెక్కేసుకోవడం ఎలా

"అన్నా, ఇంజిన్ పెద్దది దొరికింది, మన గేర్‌బాక్స్‌కే బిగించేయొచ్చా?" ఈ ప్రశ్న నన్ను అడగని వారం ఉండదు. ఆమ్నీ వాళ్ళు ఈకో ఇంజిన్ గురించి అడుగుతారు, మ్యాజిక్ వాళ్ళు ఇండికా ఇంజిన్ గురించి అడుగుతారు, ట్రావెలర్ వాళ్ళు పాత ఇంజిన్ తీసేసి కామన్ రైల్ (డీజిల్ చిమ్మడం కంప్యూటర్ చూసుకునే రకం) ఇంజిన్ వేద్దామా అంటారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నా, మీ బండి ఏదైనా సరే ఇదే వరసలో చూసుకుంటూ వెళ్తే జవాబు మీకే వచ్చేస్తుంది.

ఒక్క విషయం ముందే చెప్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గేర్‌బాక్స్‌ని పగలగొట్టేది హెచ్‌పీ కాదు, టార్క్ (షాఫ్ట్‌ని మెలితిప్పే బలం, ఎన్ఎమ్ అంటే న్యూటన్ మీటర్లలో కొలుస్తారు). వెనక క్రౌన్ పినియన్‌ని (వెనక యాక్సిల్‌లో చక్రాలని తిప్పే పళ్ళ జత, అది ఉండే డబ్బానే హౌసింగ్ అంటాం), యాక్సిల్ రాడ్‌ని పగలగొట్టేది టార్క్ ఒక్కటే కాదు, టార్క్‌తో పాటు మీరు ఎక్కించే లోడు. ఈ రెండోది చాలామంది మెకానిక్కులు కూడా లెక్కలోకి తీసుకోరు, అందుకే "ఇంజిన్ బాగానే ఉంది, హౌసింగ్ మాత్రం ఆర్నెల్లకోసారి పోతుంది" అని తల పట్టుకుంటారు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆర్‌సీ కాపీ, ఇన్సూరెన్స్ కాగితం
- పాత ఇంజిన్, కొత్త ఇంజిన్ రెండింటి గరిష్ట టార్క్ ఎంత, ఏ ఆర్‌పీఎమ్ దగ్గర అన్నది (ఓనర్ మాన్యువల్‌లోనో కంపెనీ బ్రోచర్‌లోనో ఉంటుంది)
- గేర్‌బాక్స్ మీద ప్లేటు ఉంటే దాని ఫోటో, ప్లేటు ఊడిపోతే కేసింగ్ మీద పోతపోసిన నంబరు
- కాటా చీటీ, ముందు చక్రాల బరువు వేరుగా, వెనక చక్రాల బరువు వేరుగా
- జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే చెక్కలు, చాక్‌పీసు, టేపు, కాలిక్యులేటర్
- లేత్ షాపులో డయల్ గేజ్, అంటే సన్నటి తేడాని ముల్లుతో చూపించేది (కొనక్కర్లేదు, అడిగి తెచ్చుకోవచ్చు)
- కోణం చూపించే లెవెల్ యాప్ ఉన్న ఫోన్

1. కాగితాలు ముందు, స్పానర్లు తర్వాత

దీన్ని చివర్లో చూద్దాంలే అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా కేరళ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే మేక్, అదే టైపు ఇంజిన్ వేసుకోవడం వేరు, సీసీ మారి, ఇంధనం మారి, నంబరు మారే ఇంజిన్ వేసుకోవడం వేరు. ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడిగి, అనుమతి వస్తుందంటేనే ముందుకెళ్ళండి. ఆర్‌సీలో ఒక ఇంజిన్ నంబరు, బండిలో ఇంకో ఇంజిన్ నంబరు ఉంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోవడం ఒక ఎత్తు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ మీద పేచీ పెట్టడం ఇంకో ఎత్తు. జనాన్ని ఎక్కించుకునే వ్యాన్ అయితే దీంట్లో అస్సలు రాజీ పడొద్దు.

అనుమతి రాదని తేలితే ఇక్కడే ఆగండి, ఆగినా మీకు వేరే దారులు ఉన్నాయి: ఉన్న ఇంజిన్‌కే బోరింగ్, రీబిల్డ్ చేయించడం, లేదంటే అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చిన వేరే రేషియో (పళ్ళ నిష్పత్తి) క్రౌన్ వేయించడం. ఘాట్‌లో లాగట్లేదు అనే సమస్య చాలా బళ్ళకి క్రౌన్ రేషియోతోనే తీరిపోతుంది, ఇంజిన్ దాకా వెళ్ళే పనే ఉండదు.

2. టార్క్ నంబర్లు పక్కపక్కన రాయండి

హెచ్‌పీ చూసి "రెండూ ఒకటేగా" అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఈకో పాత 1196 సీసీ పెట్రోల్ ఇంజిన్ 73 పీఎస్ (దాదాపు హెచ్‌పీ లాంటిదే), బొలెరో పికప్ 2523 సీసీ డీజిల్ ఇంజిన్ 75 హెచ్‌పీ చుట్టుపక్కల, కాగితం మీద అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా, కానీ ఈకో టార్క్ 101 ఎన్ఎమ్, బొలెరోది 200 ఎన్ఎమ్ దాకా. గేర్‌బాక్స్ లోపల పళ్ళ మీద పడే బలం దాదాపు డబుల్. పైగా డీజిల్ ఆ టార్క్ మొత్తాన్ని 1500 ఆర్‌పీఎమ్ దగ్గరే ఇచ్చేస్తుంది, ఒక్కో సిలిండర్ పేలినప్పుడల్లా గేరు పళ్ళకి ఒక్కో దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇంకో ఉదాహరణ. టాటా ఏస్ 2005లో వచ్చింది, దాని 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ ఇండికా 1405 సీసీ ఇంజిన్‌లో సరిగ్గా సగం. 16 హెచ్‌పీ, 38 ఎన్ఎమ్ దగ్గర్లో. అందుకే అదే ఇంజిన్ ఉన్న మ్యాజిక్ ఓనర్లకి "సగం తీసి పూర్తిది పెడితే పోలా" అనిపిస్తుంది. టర్బో లేని ఇండికా డీజిల్ 85 ఎన్ఎమ్, అదే 1405 సీసీకి టర్బో ఉన్న సూపర్ ఏస్ 135 ఎన్ఎమ్. అంటే 38 ఎన్ఎమ్ కోసం చేసిన గేర్‌బాక్స్ మీద రెండు రెట్ల పైచిలుకు, మూడున్నర రెట్లు వేస్తున్నట్టు. బోల్టులు కలిసినా కలవకపోయినా జవాబు మాత్రం వద్దనే.

ఆమ్నీ 796 సీసీ ఇంజిన్ 60 ఎన్ఎమ్ దగ్గర్లో, ఈకో 101, కాబట్టి ఇక్కడ 1.7 రెట్లు. ఇది కూడా పాత ఆమ్నీ గేర్‌బాక్స్‌తో పెట్టుకోకూడదు, ఈకో గేర్‌బాక్స్ కూడా తెచ్చుకుంటేనే ఆలోచించాలి.

టర్బో తగిలించినా, బయట దొరికే ట్యూనింగ్ బాక్సు పెట్టినా, పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచినా లెక్క ఇదే. ఇంజిన్ మార్చలేదు కాబట్టి గేర్‌బాక్స్‌కి ఏం కాదు అనుకోకండి, గేర్‌బాక్స్‌కి సీసీతో పనిలేదు, దానికి తెలిసింది టార్క్ ఒక్కటే.

3. గేర్‌బాక్స్ ఎంత తట్టుకుంటుందో తెలుసుకోండి

కొన్ని కంపెనీల గేర్‌బాక్స్ పేరులోనే విషయం ఉంటుంది. జెడ్‌ఎఫ్ ఎస్5-36 అంటే సింక్రో (గేరు కరకరలాడకుండా పడేలా చేసే రింగులు) ఉన్న 5 గేర్లు, సుమారు 360 ఎన్ఎమ్. అమెరికాలో షెవర్లే ఎక్స్‌ప్రెస్ వ్యాన్‌లలో చాలా ఏళ్ళు రెండు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు నడిచాయి, తేలిక బళ్ళకి 4ఎల్60-ఈ, 6.0 లీటర్ ఇంజిన్ ఉన్న బరువైన బళ్ళకి 4ఎల్80-ఈ, ఆ 60, 80 అన్నవి బలం తరగతిని చెప్పే అంకెలు. బయటికి ఒకేలా కనపడే వ్యాన్‌కి కూడా ఇంజిన్, బరువు మారితే గేర్‌బాక్స్ మార్చారు చూడండి, కంపెనీ వాళ్ళు ఊరికే ఖర్చు పెట్టుకోరు కదా.

మన దగ్గర అన్ని గేర్‌బాక్సులకీ ఈ సౌకర్యం లేదు. అప్పుడు ఒక నమ్మకమైన దారి ఉంది: అదే గేర్‌బాక్స్‌ని కంపెనీ ఇంకే బండికి పెట్టింది, ఆ బండి మొత్తం బరువెంత, ఆ ఇంజిన్ టార్క్ ఎంత అని చూడండి. స్పేర్ పార్టుల షాపులో గేర్‌బాక్స్ పార్ట్ నంబరు చెప్తే ఏయే మోడళ్ళకి వస్తుందో చెప్పేస్తారు. అందులో ఎక్కువ టార్క్ ఉన్న ఇంజిన్ ఏదో అదే మీ హద్దు. ఆ హద్దు దాటి "ఇంకో 50 ఎన్ఎమ్ ఏమవుతుందిలే" అనేది మీ సొంత పూచీ.

నేను చెప్పే హద్దు ఇది: ఊళ్ళో సరుకు తిప్పే వ్యాన్‌కి గేర్‌బాక్స్ రేటింగ్ ఇంజిన్ టార్క్ కంటే కనీసం 20 శాతం పైన ఉండాలి, తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లు ఎక్కే బండికైతే 30 శాతం ఉండాలి. ఘాట్‌లో ఫస్టు, సెకండు గేర్లలో ఫుల్ టార్క్ మీద నిమిషాల తరబడి లాగుతుంది, ఊళ్ళో అయితే ఆ పరిస్థితి సెకన్లలో అయిపోతుంది, తేడా అక్కడే.

గమనిక: వింగర్‌కి ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే, లాగేది కూడా ముందు చక్రాలే. ట్రావెలర్, ఈకో, బొలెరో వెనక చక్రాలతో నడుస్తాయి. వింగర్‌లో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకీ తిప్పుడు పంచేది) ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి వెనక చక్రాల బళ్ళ గేర్‌బాక్స్ దానికి ఏ రకంగానూ పనికిరాదు, దానికి 8వ స్టెప్పు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి వెళ్ళే పొడుగు షాఫ్ట్) సంగతి కూడా అక్కర్లేదు, బదులుగా ముందు చక్రాలకి వెళ్ళే డ్రైవ్ షాఫ్టులు, వాటి కీళ్ళయిన సీవీ జాయింట్లు చూసుకోవాలి.

4. రేషియోలు మీరే కొలవండి

స్క్రాప్‌లో తెచ్చిన హౌసింగ్ మీద రాసిన అంకెని నమ్మొద్దు, లోపల క్రౌన్ ఎప్పుడో ఎవరో మార్చేసి ఉండొచ్చు.

క్రౌన్ రేషియో: ముందు చక్రాలకి చెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, వెనక ఒక్క చక్రాన్ని మాత్రమే లేపండి. స్టాండు పెట్టకుండా జాకీ మీదే వదిలి కిందకి దూరొద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద, టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. నాలుగు చుట్ల మీద ఇంకొంచెం తిరిగిందంటే 4.1, 4.3 అలా. ఒక్క చుట్టే తిప్పి లెక్కేస్తే సగం వస్తుంది, ఎందుకంటే రెండో చక్రం కదలట్లేదు, డిఫరెన్షియల్ సగం తినేస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హౌసింగ్ విప్పే ఉంటే ఇంకా తేలిక, క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగించండి, 41 బై 10 అయితే 4.1.

గేరు రేషియో: గేర్‌బాక్స్ బయట ఉంటే ఫస్టు గేరు వేసి, వెనక ఫ్లాంజ్ ఒక చుట్టు తిరగడానికి ముందు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిప్పాలో చూడండి. రివర్స్ కూడా కొలవండి, చాలా గేర్‌బాక్సుల్లో ఫస్టుకి దగ్గరగానో అంతకంటే ఎక్కువగానో ఉంటుంది.

టైరు: లోడుతో ఉన్న బండిని టైరు మీద, నేల మీద గీత పెట్టి సరిగ్గా ఒక చుట్టు ముందుకి తోయించి దూరం కొలవండి. దాన్ని 6.28తో భాగిస్తే రేడియస్. సైడ్‌వాల్ మీది సైజు చూసి లెక్కేస్తే లోడు మీద నొక్కుకున్న టైరుకి కొంచెం తేడా వస్తుంది.

5. అసలు లెక్క

కాస్త ఓపిగ్గా చదవండి, పదిహేను నిమిషాల పని ఇది. అంకెలు ఉదాహరణకి తీసుకున్నవి, వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి.

ఇంజిన్ 200 ఎన్ఎమ్, ఫస్టు గేరు 4.0, క్రౌన్ 4.3, టైరు రేడియస్ 0.33 మీటరు. రాపిడికి పది శాతం తీసేద్దాం.

ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడేది: 200 × 4.0 = 800 ఎన్ఎమ్.
యాక్సిల్ మీద పడేది: 200 × 4.0 × 4.3 × 0.9 = 3096 ఎన్ఎమ్.

ఇప్పుడు అదే బండికి 350 ఎన్ఎమ్ ఇంజిన్ (కొత్త ట్రావెలర్ 2.6 లీటర్ ఇంజిన్ ఈ తరగతిదే) వేస్తే షాఫ్ట్ మీద 1400, యాక్సిల్ మీద 5418 ఎన్ఎమ్.

ఇక రెండో వైపు. టైరు రోడ్డుని పట్టుకునే శక్తికి ఒక హద్దు ఉంటుంది, అది దాటితే చక్రం గిర్రున తిరిగిపోతుంది కాబట్టి యాక్సిల్ మీద అంతకు మించి బలం పడదు. ఆ హద్దు ఇలా వస్తుంది: వెనక చక్రాల మీద బరువు (కిలోల్లో) × 9.81 × 0.7 × టైరు రేడియస్. ఆ 0.7 అనేది పొడి తారు రోడ్డుకి.

కాటా చీటీ ప్రకారం వెనక 1900 కిలోలు ఉంటే: 1900 × 9.81 × 0.7 × 0.33 = 4306 ఎన్ఎమ్.

ఇప్పుడు చూడండి. 200 ఎన్ఎమ్ ఇంజిన్‌తో యాక్సిల్ మీద 3096, చక్రం జారదు, జారాల్సిన పనీ లేదు. 350 ఎన్ఎమ్ ఇంజిన్‌తో 5418 రావాల్సింది, కానీ 4306 దగ్గర టైరు జారిపోతుంది, అంటే యాక్సిల్ తిన్నది 4306 మాత్రమే. టైరే మీ హౌసింగ్‌ని కాపాడింది.

అదే బండికి ఓవర్‌లోడ్ వేసి వెనక 2800 కిలోలు చేశారనుకోండి: 2800 × 9.81 × 0.7 × 0.33 = 6345. ఇప్పుడు టైరు జారదు, ఇంజిన్ పంపిన 5418 మొత్తం క్రౌన్ పినియన్ మీద, యాక్సిల్ రాడ్ల మీద పడుతుంది. పాత ఇంజిన్‌తో అదే ఓవర్‌లోడ్ వేసినా 3096 దాటలేదు. అందుకే "ఇన్నాళ్ళూ ఇదే లోడు వేశాం, ఏం కాలేదు, ఇంజిన్ మార్చాకే క్రౌన్ పోతోంది" అంటారు. అవును మరి, ఇన్నాళ్ళూ ఇంజిన్ చిన్నది కాబట్టి ఆగింది.

కాబట్టి నియమం: రెండు అంకెల్లో (ఇంజిన్ పంపేది, టైరు ఒప్పుకునేది) ఏది చిన్నదో అది యాక్సిల్ మీద పడే అసలు టార్క్. దాన్ని పాత ఇంజిన్‌తో వచ్చిన అంకెతో పోల్చండి. పది పదిహేను శాతం పెరిగితే సర్దుకుంటుంది. యాభై శాతం పెరిగితే హౌసింగ్ కూడా మార్చాలి, ఇందులో మొహమాటం లేదు.

6. క్లచ్: పెద్దది వేయడం కూడా తప్పే

క్లచ్ ఎంత టార్క్ పట్టుకుంటుందో ఇలా చూస్తారు: ప్రెజర్ ప్లేటు నొక్కే బలం × 0.3 × ప్లేటు సగటు రేడియస్ × 2. ఉదాహరణకి 200 మిల్లీమీటర్ల ప్లేటు, లోపలి వ్యాసం 130, సగటు రేడియస్ 0.0825 మీటరు, నొక్కే బలం 4500 న్యూటన్లు అయితే 223 ఎన్ఎమ్ వస్తుంది. 100 ఎన్ఎమ్ పెట్రోల్ ఇంజిన్‌కి ఇది కావాల్సినంత. 200 ఎన్ఎమ్ డీజిల్‌కి ఇది కొత్తలో పట్టుకుంటుంది, ప్లేటు కొంచెం అరిగి, కొంచెం వేడెక్కగానే జారడం మొదలెడుతుంది. ఇంజిన్ టార్క్‌కి ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి.

మరి రెండున్నర, మూడు రెట్లు ఉంటే ఇంకా మంచిదే కదా అంటారు. కాదు. క్లచ్ అంటే ఇంట్లో ఫ్యూజు లాంటిది, ఎక్కువైనప్పుడు ముందు అది జారాలి. డ్రైవరు టక్కున క్లచ్ వదిలేసినప్పుడు పడే దెబ్బ క్లచ్ ఎంత పట్టుకుంటుందో అంత దాకా గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. గట్టి ప్రెజర్ ప్లేటు వేస్తే ఆ దెబ్బ మొత్తం గేరు పళ్ళకి, క్రాస్‌లకి (షాఫ్ట్ చివర్ల కీళ్ళకి), పినియన్‌కి పోతుంది. ప్లేటు చవగ్గా వచ్చేస్తుందని గేర్‌బాక్స్‌ని బలి పెట్టకండి.

ప్లేటులో ఉండే స్ప్రింగులు కూడా ఇంజిన్‌కి తగ్గవే ఉండాలి. పెట్రోల్ ప్లేటు డీజిల్‌కి వేస్తే ఆ స్ప్రింగులు తొందరగా ఊడిపోతాయి, ఐడిల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు ముక్కలుగా, మధ్యలో స్ప్రింగులతో ఉండేది) ఉన్న ఇంజిన్‌కి ఖర్చు తగ్గుతుందని మామూలు ఫ్లైవీల్ వేస్తుంటారు, దానికి తగ్గ స్ప్రింగు ప్లేటు లేకుండా అలా చేయొద్దు.

7. బిగింపు: లేత్ పని ఎక్కడ మోసం చేస్తుంది

ఇంజిన్‌కి, బెల్ హౌసింగ్‌కి (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ ముందు డబ్బా) మధ్య అడాప్టర్ ప్లేటు చేయిస్తుంటే ఇవి వరసగా చూడండి:

- డోవెల్ పిన్నులు (రెండు భాగాల్నీ కదలకుండా సరిగ్గా ఒకే మధ్యకి నిలిపే పిన్నులు) ఉండాల్సిందే. బోల్టులతో మధ్యకి తెచ్చేస్తాం అంటే ఒప్పుకోకండి, బోల్టు రంధ్రాల్లో ఎప్పుడూ ఆట ఉంటుంది.
- ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ బేస్ పెట్టి బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం చుట్టూ తిప్పండి. ముల్లు ఎంత ఊగుతుందో మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చండి. తేడా ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతుంది, ఫస్టు గేరు దూకుతుంది, అప్పుడందరూ గేర్‌బాక్స్‌ని తిడతారు.
- పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర ఉండే చిన్న బేరింగ్) లోపలికి ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు సరిపడా దిగుతోందా? మరీ లోతుగా దిగి అడుగు తగిలితే గేర్‌బాక్స్ బిగించేటప్పుడే క్రాంక్ థ్రస్ట్ మీద బరువు పడుతుంది. బెల్ హౌసింగ్‌ని బోల్టులతో లాగి దగ్గరకి తేవాల్సి వస్తోందంటే ఏదో తగులుతోంది, ఆపి చూడండి.
- క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (మధ్య రంధ్రంలోని పళ్ళు) గేర్‌బాక్స్‌కి, ప్లేటు వ్యాసం ఫ్లైవీల్‌కి సరిపోవాలి.
- స్టార్టర్ పళ్ళు, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నొక్కేది) ప్రయాణం కూడా సరిపోతున్నాయో చూడండి.

కామన్ రైల్ ఇంజిన్ అయితే ఇంకోటి: చాలా బళ్ళకి స్పీడ్ సెన్సార్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. వేరే గేర్‌బాక్స్ వేస్తే ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) స్పీడు తప్పుగా వెళ్తుంది, బండి లాగడం తగ్గించేస్తుంది. వైరింగ్, ఈసీయూ, ఇమ్మొబిలైజర్ తాళంతో సహా తెచ్చుకోకపోతే ఇక్కడ చాలా డబ్బు పోతుంది.

నా సలహా ఏంటంటే, విజయవాడ ఆటోనగర్‌లోనో మీ దగ్గర్లో ఇంకెక్కడో సెకండ్ హ్యాండ్ తెస్తుంటే ఇంజిన్ ఒక్కటే తేకండి, ఒకే బండి నుంచి ఇంజిన్, ఫ్లైవీల్, క్లచ్, గేర్‌బాక్స్, షాఫ్ట్, హౌసింగ్ మొత్తం సెట్టు తీసుకోండి. విడిగా కొన్నప్పటి కంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ కంపెనీ ఇంజనీర్లు చేసిన లెక్క మొత్తం మీకు దాంతోపాటే వచ్చేస్తుంది. ఆ బండి ఆర్‌సీ క్యాన్సిల్ కాగితం, ఇంజిన్ బిల్లు తప్పకుండా అడగండి, బిల్లు లేని ఇంజిన్ ఎంత చవకైనా వద్దు.

8. ప్రొపెల్లర్ షాఫ్ట్, క్రాస్‌లు

కొత్త గేర్‌బాక్స్ పొడుగు మారితే షాఫ్ట్ కోసి అతుకుతారు. అతికాక బ్యాలెన్సింగ్ చేయించకపోతే 60 దాటగానే ఒళ్ళంతా వణుకుతుంది. రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే చీలికలు) ఒకే వరసలో ఉండాలి, వెల్డింగ్‌లో కొంచెం తిరిగినా ఆ వణుకు ఎన్ని క్రాస్‌లు మార్చినా పోదు.

కోణాలు ఫోన్‌తో చూడండి. గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ మీద, షాఫ్ట్ మీద, పినియన్ ఫ్లాంజ్ మీద. ఒక్కో క్రాస్ దగ్గర కోణం 3 డిగ్రీల లోపు, రెండు చివర్ల కోణాల మధ్య తేడా 1 డిగ్రీ లోపు. పూర్తి సున్నా కూడా మంచిది కాదు, క్రాస్ లోపల సూదులు కదలక ఒకేచోట గుంటలు పడతాయి. ఇంజిన్ మౌంటింగులు మార్చిన బండిలో ఇది చూడకుండా వదిలేస్తే సెంటర్ బేరింగ్ వరసగా పోతూనే ఉంటుంది. బండి మీద మామూలుగా వేసే లోడు వేసి కొలవండి, ఖాళీ బండికి వెనక పట్టీలు లేచి ఉంటాయి కాబట్టి అంకె తప్పుగా వస్తుంది.

9. క్రౌన్ రేషియో ఎంచుకోవడం

టాప్ గేరులో స్పీడు ఇలా: ఆర్‌పీఎమ్ ÷ (టాప్ గేరు × క్రౌన్) × టైరు చుట్టుకొలత × 60 ÷ 1000. మన ఉదాహరణలో టాప్ 0.8, క్రౌన్ 4.3, చుట్టుకొలత 2.07 మీటర్లు అయితే 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 108 కిలోమీటర్లు, 80 దగ్గర 2200 ఆర్‌పీఎమ్. స్పీడ్ గవర్నర్ 80కి కట్టేసిన వ్యాన్‌కి ఇది హాయిగా సరిపోతుంది.

ఇక్కడ ఒక మంచి కిటుకు ఉంది. చక్రం దగ్గర అంతే లాగుడు కావాలంటే క్రౌన్ రేషియో పెద్దది (4.1 బదులు 4.8 లాంటిది) వేస్తే గేర్‌బాక్స్‌కి, షాఫ్ట్‌కి శ్రమ తగ్గుతుంది, డ్రైవరు సెకండులో లాగే చోట థర్డులో లాగుతాడు. కానీ పినియన్ పళ్ళు తగ్గి చిన్నదవుతుంది, కాబట్టి మరీ పెద్ద రేషియోకి పోకండి, మీ హౌసింగ్‌కి కంపెనీ ఇచ్చిన వాటిల్లోనే ఎంచుకోండి. పెద్ద టైర్లు వేస్తే దీనికి సరిగ్గా తిరగబడుతుంది, లాగుడు తగ్గుతుంది, యాక్సిల్ మీద భారం పెరుగుతుంది.

డ్రైవర్లకి చెప్పాల్సింది: ఫుల్ లోడుతో ఎత్తు మీదకి రివర్స్‌లో ఎక్కించొద్దు. రివర్స్‌లో పినియన్ పళ్ళకి బలహీనమైన వైపు మీద భారం పడుతుంది, క్రౌన్లు పగిలే సంఘటనలు గోడౌన్ ర్యాంపుల దగ్గర జరిగేది ఇందుకే.

10. ఆయిల్

హైపాయిడ్ (పినియన్ క్రౌన్ మధ్యకి కాకుండా పక్కకి జరిగి ఉండే రకం) క్రౌన్ పినియన్‌కి జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్. సింక్రో రింగులు ఇత్తడివి అయితే గేర్‌బాక్స్‌కి మాన్యువల్‌లో చెప్పిందే, చాలాసార్లు జీఎల్-4. "అన్నీ 90 ఆయిలే కదా" అని రెండిట్లో ఒకటే పోసేస్తారు, జీఎల్-5లో ఉండే మందు కొన్ని గేర్‌బాక్సుల ఇత్తడి రింగుల్ని తినేస్తుంది, గేర్లు కరకరమంటూ పడతాయి. ఎక్కువ పోసినా నష్టమే, నురగ వచ్చి సీలు దగ్గర కారి క్లచ్ ప్లేటు మీదకి వస్తుంది. లెవెల్ రంధ్రం దాకా, అంతే.

11. సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

మొదటి రోజే లోడు వేయకండి. ఖాళీ బండితో, తర్వాత సగం లోడుతో, ఆ తర్వాతే పూర్తి లోడుతో చూడండి.

క్లచ్: ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ వేడెక్కాక, 40 స్పీడులో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ మొత్తం తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎమ్ ఒక్కసారిగా లేచిందంటే జారుతోంది. గోడకి ఆనించి, హ్యాండ్‌బ్రేక్ వేసి చూసే పద్ధతి వద్దు, మనుషులు నలిగిపోయే పని అది.

చప్పుడు: యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కూత వస్తే ఒక రకం, వదిలినప్పుడు మాత్రమే వస్తే ఇంకో రకం, రెండూ క్రౌన్ సెట్టింగ్ తేడానే. విప్పి పళ్ళకి బ్లూ (నీలం రంగు పేస్టు) రాసి అచ్చు ఎక్కడ పడుతుందో చూపించమనండి. అచ్చు పంటి మధ్యలో ఉండాలి. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఉండే ఆట) అంకె కూడా డయల్ గేజ్‌తో చూపించమని అడగండి, చేత్తో ఊపి "బాగుంది" అంటే ఊరుకోకండి. తొక్కినా వదిలినా ఒకేలా గుయ్‌మని వస్తుంటే బేరింగ్.

గేరు దూకడం: థర్డులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కండి. లివరు కదిలి బయటకి వచ్చేస్తే ముందు మౌంటింగులు, బెల్ హౌసింగ్ సెంటర్ చూడండి, గేర్‌బాక్స్ విప్పేది ఆ తర్వాత.

వేడి: ఒక గంట లోడు మీద నడిపి ఆగాక గేర్‌బాక్స్, హౌసింగ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా దగ్గరగా చాలు. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే రెండింటి అంకె రాసుకోండి, అలాంటిదే కంపెనీ బండి పక్కన ఉంటే దాంతో పోల్చండి. మీదే చాలా ఎక్కువ వేడెక్కుతుంటే లోపల ప్రీలోడ్ (బేరింగుల బిగింపు) ఎక్కువైంది లేదా ఆయిల్ తక్కువైంది.

చివరిది, దీన్ని మాత్రం దయచేసి వదిలేయకండి. 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య గేర్‌బాక్స్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్ రెండూ దించి శుభ్రమైన తెల్లటి డబ్బాలో పట్టండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి పేస్టులా మెత్తటి నల్లటి మడ్డి అంటుకుంటే మామూలే, తుడిచి కొత్త ఆయిల్ పోయండి. పసుపు రంగు మెరుపు కనపడితే సింక్రో రింగులు అరుగుతున్నాయి, ఆయిల్ గ్రేడు మళ్ళీ చూడండి. గోటికి తగిలే ఇనప ముక్క ఒక్కటి దొరికినా బండిని లోడుకి పంపకండి, ఏ పంటిదో తేలేదాకా షెడ్డులోనే ఉంచండి.